నెట్ మీటరింగా, నెట్ బిల్లింగా? ఏది మేలు?

పర్లాకిమిడిలో మా డాబా మీద మూడు కిలోవాట్ల సోలార్ పలకలు ఎక్కినప్పటి నుంచి ఎదురైన వాళ్లంతా ఒకటే అడుగుతున్నారు: "ఈ నెట్ మీటరింగ్ ఎన్నాళ్లు ఉంచుతారు? తీసేస్తే మునిగిపోతామా?"

నెట్ మీటరింగ్ అంటే మనం లైన్‌కి ఇచ్చిన యూనిట్లను, తెచ్చుకున్న యూనిట్లలోంచి కొట్టేయడం; నెట్ బిల్లింగ్ అంటే రెండింటికీ వేరువేరు రేట్లు వేయడం. ముందు మా ఇంటి లెక్క చూడండి. రోజుకు సుమారు 12 యూనిట్లు తయారవుతాయి. పగలు మేం వాడేది నాలుగు. మిగతా ఎనిమిది తీగెక్కి వెళ్లిపోతాయి, రాత్రికి మళ్లీ ఎనిమిది తెచ్చుకుంటాం. అంటే నెలకు 240 పోయాయి, 240 వచ్చాయి. నెట్ మీటరింగ్‌లో దీని ఖరీదు సున్నా, స్థిర చార్జీ ఒక్కటే కట్టాలి. 2024-25 ఒడిశా రేట్లలో (మొదటి 50కి 3 రూపాయలు, 200 దాకా 4.80, 400 దాకా 5.80) సోలార్ లేకపోతే నెలకు 360 యూనిట్లకు 1,798 అయ్యేది.

నెట్ బిల్లింగ్‌లో తెచ్చుకున్న 240కి మామూలు రేటు, 1,102. మనం ఇచ్చిన 240కి విద్యుత్ నియంత్రణ కమిషన్ పెట్టిన ధర కడతారు. అది మూడు రూపాయలనుకుంటే 720. చేతి నుంచి పోయేది 382. మునిగిపోయేంత ఏం లేదు.

నా దృష్టిలో అసలు సంగతి ఆ 382 కాదు. మధ్యాహ్నం ఒంటిగంట యూనిట్, రాత్రి ఎనిమిది గంటల యూనిట్ ఒకటేనా అన్నది. ఒంటిగంటకు ఊళ్లో డాబాలన్నీ లైన్‌లోకి కరెంటు పోస్తుంటాయి. ఎనిమిదికి అందరూ ఏసీలు వేస్తారు. ఆ పూట డిస్కం (ఇళ్లకు కరెంటు పంపిణీ చేసే సంస్థ) కరెంటు, తీగ, ట్రాన్స్‌ఫార్మర్, లైన్‌మన్ అన్నీ సిద్ధంగా ఉంచాలి. ఆ ఖర్చు యూనిట్ ధరలోనే కలిసి ఉంది. నెట్ మీటరింగ్‌లో మా బిల్లు యూనిట్లు సున్నా అయితే ఆ ఖర్చును పక్కింటివాళ్లే మోయాలి.

దక్షిణ ఒడిశాలో ఇంకో మెలిక ఉంది. ఇక్కడి డిస్కంకి పెద్ద ఫ్యాక్టరీలు తక్కువ, ఇళ్లే ఎక్కువ, అందుకే రాబడి తక్కువ. రాష్ట్రమంతా అమ్మకం రేటు ఒకటే కాబట్టి, డిస్కంలకు కరెంటు కొని అమ్మే రాష్ట్ర సంస్థ గ్రిడ్కో దీనికి నాలుగు డిస్కంలలోకెల్లా చౌకగా కరెంటు ఇస్తుంది. దాంతో మా ఇంటికి ఒక యూనిట్ అమ్మకం తగ్గినప్పుడు డిస్కంకి ఆదా అయ్యే కొనుగోలు ఖర్చు చిన్నది, పోయే రాబడి పెద్దది. నష్టం తగ్గించేవీ లేకపోలేదు: పొడవాటి లైన్ల మీద కరెంటు నష్టం కొంత తగ్గుతుంది, పునరుత్పాదక విద్యుత్ కొనాల్సిన కోటాలో ఈ యూనిట్లు కలుస్తాయి. కానీ ఆ తేడా పూడేంత కాదని నా అభిప్రాయం.

సరిహద్దు దాటి పాతపట్నం వెళ్తే బావగారింట్లో కథ ఇంకా తేట. 2022 ఏప్రిల్ ఆంధ్ర టారిఫ్‌లో 226 నుంచి 400 దాకా యూనిట్ 8.75. సోలార్ పెడితే బిల్లులో మొదట తగ్గేది ఆ పై స్లాబ్ యూనిట్లే. 30 యూనిట్ల లోపు ఇంటికి 1.90కి ఇవ్వగలగడం వెనక ఆ పై స్లాబ్ డబ్బు కూడా ఉంది.

గ్రాస్ మీటరింగ్ అంటే తయారైనదంతా అమ్మేసి, వాడేదంతా కొనుక్కోవడం. ఇంటికి అనవసరం. బ్యాటరీ సంగతంటారా, 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఇక్కడి వాళ్లకి దాని విలువ తెలిసింది. లైన్ పోతే మామూలు ఆన్‌గ్రిడ్ పలకలు ఎండలో కూడా పని చేయవు. కానీ బ్యాటరీ ధర ఇంకా ఎక్కువే.

కాబట్టి మూడు కిలోవాట్ల దాకా నెట్ మీటరింగ్ ఉంచాలి, పైన నెట్ బిల్లింగ్ రావాలి అంటాను. కేంద్ర సబ్సిడీ కూడా మూడు దగ్గరే 78,000తో ఆగిపోతుంది. మా బావమరిదికి ఇదంతా చెప్పాను. "రూల్ మారకముందే పెట్టేద్దాం బావా" అని ఎనిమిది కిలోవాట్లకు దరఖాస్తు పెట్టాడు.