సౌండు రాని ట్రిమ్మరు, కందిన పొట్ట: రెండేళ్ళు వాడినాక నా మాట

మా కుక్క పేరు చిట్టి, షిట్జు జాతిది. ఐదేళ్ళది. దాని బొచ్చు మనిషి జుట్టు మాదిరి పెరుగుతానే ఉంటాది, రెండు నెలలు వదిలేస్తే కళ్ళు కనపడవు, ఇంగ కడపలో ఏప్రిల్ వచ్చిందంటే ఆ బొచ్చుతో అది పడే అవస్థ చూడలేం, పొద్దస్తమానం బాత్రూం గడప దగ్గర బండకు పొట్ట ఆనించి పడుంటాది. అందుకే రెండేళ్ళ నాలుగు నెలల కిందట, ఇంట్లోనే కొట్టుకుందాంలే అని ఆన్‌లైన్‌లో 2,300 పెట్టి కార్డ్‌లెస్ ట్రిమ్మరు కొన్నా. దువ్వెనలు ఎన్ని, బ్యాటరీ ఎన్ని గంటలు అనేవి బాక్సు మీదే ఉంటాయి, అవి నేను మళ్ళ చెప్పను. కంపెనీ పేరు కూడా రాయను, ఈ రేటులో దొరికేవన్నీ లోపల దాదాపు ఒకటే సరుకని నా అనుమానం.

నేను చెప్పాల్సింది దాని సౌండు గురించే.

అంతకుముందు షాపుకు తీసుకుపోయేవాళ్ళం. ఆడ మిషన్ ఆన్ చేస్తానే చిట్టి వణికిపోయి టేబుల్ మీదే ఉచ్చ పోసేది, ఇంటికొచ్చినాక రోజంతా మంచం కింద నుంచి బయటికి రాదు. ఈ ట్రిమ్మరు వచ్చిన మొదటి ఆదివారం పెరట్లో బట్టలుతికే బండ మీద నిలబెట్టినాం, మా అమ్మ బిస్కెట్ ముక్కలు పట్టుకుని ముందర కూర్చుంది, నేను తోక వైపు నుంచి మొదలుపెట్టినా. యాడో దూరంగా తేనెటీగ తిరుగుతున్నట్టు, అంతే సౌండు. గమ్మున నిలబడింది, కాసేపటికి బండ మీదే పడుకుని కునుకు కూడా తీసింది! ఒక చెవి పొడుగు ఒక చెవి పొట్టి అయింది, వీపు మీద మెట్లు మెట్లుగా వచ్చింది, అవేమీ లెక్కలోకి రాలే. ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పినా, మా మరదలితో కూడా కొనిపించినా, ఐదు స్టార్లు ఇచ్చేసినా.

ఆ ఐదులో ఒకటిన్నర ఇప్పుడు వెనక్కి తీసుకోవాలని ఉంది.

పోయిన సంవత్సరం మే నెల. పెళ్ళిళ్ళని ఊళ్ళు తిరుగుతా నెలన్నర దాన్ని దువ్వనే లేదు. చంకల కింద, చెవుల వెనక, తోక మొదట్లో బొచ్చు ఉండలు కట్టి కొబ్బరిపీచు మాదిరి అయిపోయింది. దానికి తోడు నేను చేసిన తెలివితక్కువ పని, ముందు స్నానం చేయించడం. ఉండలు కట్టిన బొచ్చు తడిస్తే ఇంకా బిగుసుకుంటాదని నాకు తెలీదు. ముందు చిక్కు తీయాల, ఆ తర్వాత స్నానం, బాగా ఆరినాకే మిషన్. సరే, అప్పటికే పది దాటింది, కరెంటు పోయింది, బ్యాటరీ ఫుల్లుగా ఉంది కదా అని వేపచెట్టు నీడన మొదలుపెట్టినా. ఒక్కో ఉండ మీద నాలుగైదు సార్లు తోయాల్సొచ్చింది, పళ్ళ మధ్యలో బొచ్చు ఇరుక్కునేది, ఉఫ్ అని ఊదేది మళ్ళ తోసేది, బ్లేడుకు నూనె చుక్క వేసి నెల పైనే అయ్యుంటాది. ముప్పావు గంట ఆపకుండా కొట్టినా. గుర్రుమనే మిషన్ అయితే మన చెవులు నొప్పి పుట్టి అయినా మధ్యలో ఆపుతాం. ఇది అదే సన్న గొంతుతో పోతానే ఉంది, నేను పట్టుకున్న ప్లాస్టిక్కు చల్లగానే ఉంది. చిట్టి రెండుసార్లు వెనక్కి తిరిగి పొట్ట నాక్కోబోయింది, "గమ్మునుండవే" అని నేనే కసిరినా.

సాయంత్రం తిప్పి చూస్తే తొడల లోపల, పొట్ట మీద ఎర్రగా కందిపోయి ఉంది, రెండు చోట్ల బ్లేడు పళ్ళ వరస అచ్చు గుద్దినట్టు పడింది. మా అమ్మ పసుపూ కొబ్బరినూనే కలిపి రాసింది, అది నాకి నాకి మూతంతా పచ్చగా చేసుకుంది, నల్లబండల మీద ఎక్కడ చూసినా పచ్చ మరకలు. మరుసటి రోజు డాక్టరు చూసి "ఏంది సామీ, కుక్కకు ఇస్త్రీ చేసినావా" అన్నాడు. నవ్వలేదు ఆయన. పూతమందు, పది రోజులు మెడకు ప్లాస్టిక్ గరాటు. కుక్క చర్మం మనదానికన్నా పల్చన, అందులో పొట్ట, చంకలు ఇంకా పల్చన, రెండు మూడు నిమిషాలకోసారి బ్లేడు నీ మణికట్టు లోపలి వైపు ఆనించి చూడు, నీకు చుర్రుమంటే దానికీ చుర్రుమన్నట్టే అని చెప్పి పంపించినాడు.

బాక్సు మీద ఏమో "సిరామిక్ బ్లేడు, వేడెక్కదు" అని రాసుంది. ఆ రాత్రి కోపంతో బ్లేడు ఊడదీసి చూసినా. అటూ ఇటూ కదిలే తెల్లటి పళ్ళు మాత్రమే సిరామిక్కు. ఒంటికి తగిలే కింది పళ్ళు ఉత్త స్టీలు, రాపిడికి పుట్టే వేడిలో చిట్టి పొట్టకు తగిలింది ఆ స్టీలే. అబద్ధం రాసినారని అనలేను, కానీ నిజం రాసినారని కూడా అనలేను.

పారేయలేదు, ఇప్పటికీ దాంతోనే కొడుతున్నా. ఫోన్‌లో ఐదు నిమిషాలకు అలారం పెట్టుకుంటా, అది మోగితే బ్లేడు ఊడదీసి బ్రష్‌తో బొచ్చు దులిపి నీడలో ఉన్న నల్లబండ మీద బోర్లా పెడతా. ఇదొక్కటి మాత్రం నేను అనుకోని లాభం, రాయి వేడిని లాగేసుకుంటాది, ఊరికే గాలికి వదిలేస్తే ఎంతకీ చల్లారని బ్లేడు బండ మీద తొందరగా చల్లారుతుంది. కడపలో బండకేం కరువు. నూనె కుట్టుమిషన్‌ది, మొదలుపెట్టే ముందు రెండు చుక్కలు, మధ్యలో ఒక చుక్క. కొబ్బరినూనె మాత్రం వేయొద్దు, ఒకసారి వేసినా, బొచ్చూ దుమ్మూ పట్టి బంక బంకగా అయిపోయింది. పొట్ట కింద ఇప్పుడు అసలు మిషన్ పెట్టను, కొన మొండిగా ఉండే కత్తెరతోనే.

పాదాల కింద వేళ్ళ మధ్యన బొచ్చు తీయడానికి మాత్రం దీన్ని మించింది లేదు. మా సందు చివర ఖాళీ స్థలంలో పల్లేరుకాయలు, వాకింగ్ పోయొస్తే కుంటుకుంటా వచ్చేది. ఇప్పుడు గుచ్చుకున్నా వెంటనే కనపడతాది, పిడుదులు కూడా అంతే.

పక్కింటాయన "మా పామేరియన్‌కు కూడా గుండు కొట్టబ్బా, ఎండకు తట్టుకోలేకుండాది" అంటే ఐదు స్టార్ల హుషారులో ఉన్నప్పుడు ఒకసారి కొట్టిచ్చినా. అది నేను చేయకుండా ఉండాల్సిన పని. వాటికి లోపల మెత్తటి బొచ్చు పైన గట్టి బొచ్చు రెండు వరసలుంటాయి, అదే ఎండ నుంచి కాపాడేది. ఏడాది దాటినా వీపు మీద అరచేయంత చోట సరిగ్గా మొలవలేదు. ఆయన మంచోడు, ఏమీ అనడు, కానీ నేను గేటు దగ్గర ఆ కుక్కను చూస్తే తల పక్కకు తిప్పుకుంటా.

కొనాలా వద్దా అంటే, నాకు ఒకటే చిన్న కుక్క, ఆదివారం పొద్దున ఖాళీ, బిస్కెట్ పట్టుకోవడానికి అమ్మ ఉంది. షాపుకు పోతే ఆటోతో కలిపి ప్రతిసారీ వెయ్యి దాటేది. అందుకని నాకైతే గిట్టింది. ఇంట్లో ఒక్కరే ఉండి, కుక్క నిలబడనిదైతే, లేదా రెండు మూడు ఉంటే, నేను కొనమని చెప్పలేను. మరదలు ఫోన్ చేస్తే మాత్రం ముందు మణికట్టు సంగతే అడుగుతా.

ఇప్పుడు బ్లేడు మొద్దుబారింది. సాన పట్టే ఆయన దగ్గరకు తీసుకుపోతే చేత్తో తిప్పి చూసి, "ఇది మన రాయికి లొంగదు నాయనా" అని ఇచ్చేసినాడు. కొత్తది ఆన్‌లైన్‌లో 650 చూపిస్తాంది, నాలుగు రోజుల్నుంచి కార్ట్‌లోనే పెట్టుకున్నా. చిట్టి కళ్ళు మళ్ళ కనపడకుండా పోతున్నాయి.