అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత చందమామలు: మూడు ఆదివారాలు, 14 సంచికలు

గత రెండు నెలల్లో మూడు ఆదివారాలు అబిడ్స్ వెళ్ళి, ఫుట్‌పాత్ మీద ఒకే మనిషి దగ్గర 14 పాత చందమామలు కొన్నాను. మొత్తం 3,950 రూపాయలు అయింది. ఈ మధ్యే పాత చందమామలు పోగెయ్యడం మొదలుపెట్టిన వాళ్ళు ఆన్‌లైన్‌లో డబ్బు కట్టే ముందు ఒక్కసారి అక్కడికి వెళ్ళి, పుస్తకం చేతిలోకి తీసుకుని చూడమని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది నరసరావుపేట. నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. నెల మొదట్లో బస్టాండు పక్కన కొట్లో చందమామ కొని, సైకిల్ హ్యాండిల్‌కి తగిలించిన సంచిలో పెట్టుకుని తెచ్చేవారు. ముందు ఎవరు చదవాలని అన్నయ్యా నేనూ దెబ్బలాడుకునేవాళ్ళం. ఏడాది తిరగ్గానే 12 సంచికలూ కలిపి బైండు చేయించేవారు. 1996లో ఇల్లు మారేటప్పుడు ఆ బైండులన్నీ పాత పేపర్లతో పాటు కిలోల లెక్కన వెళ్ళిపోయాయి. నేనప్పుడు ఉద్యోగరీత్యా కాకినాడలో ఉన్నాను. ఎవరూ నాకు చెప్పలేదు. సంక్రాంతికి వెళ్ళి అటక మీద చూస్తే ఖాళీ.

ఆరేళ్ళ కిందట మళ్ళీ మొదలుపెట్టాను. 1975 జనవరి నుంచి 1982 డిసెంబర్ దాకా, అంటే 96 సంచికలు నా లిస్టు. ఈ మూడు ఆదివారాలతో 71 అయ్యాయి. పీడీఎఫ్‌లు దొరుకుతున్నాయి కదా, ఇంకా కాగితం ఎందుకని మా అమ్మాయి అడుగుతుంది. చదువుకోవడానికి పీడీఎఫ్ చాలు, నేనూ ఫోన్లో చదువుతాను. కానీ శంకర్ గారు గీసిన విక్రమార్కుడు, భుజాన శవం, చేతిలో కత్తి, ఆ బొమ్మ మేం పడుకుని చదువుకున్న సైజులోనే, ఆ మందపాటి కాగితం మీదే చూడాలని నాకుంటుంది. పీడీఎఫ్‌ల వల్ల ఇంకో పెద్ద ఉపయోగం కూడా ఉంది, అది తర్వాత చెబుతాను.

అబిడ్స్ వెళ్ళడానికి కారణం ఆన్‌లైన్‌లో తగిలిన దెబ్బ. పాత పుస్తకాలు అమ్మే ఒకాయన 1978 సంచిక ఒకటి పెట్టాడు. పేరు చెప్పను. ఫొటోలో అట్ట మెరిసిపోతోంది. కింద ‘నియర్ మింట్’ అని రాశాడు. 900 రూపాయలు, కొరియర్‌కి ఇంకో 80. మూడు నెలలుగా వెతుకుతున్న సంచిక కాబట్టి రెండో ఆలోచన లేకుండా కట్టేశాను. పార్సిల్ వచ్చాక విప్పితే నడిమి కాగితం లేదు. ఒక కథ మధ్యలో తెగిపోయి, పేజీ తిప్పితే ఇంకో కథ సగంలోంచి మొదలైంది. అట్ట వెన్ను లోపలివైపు పల్చటి కాగితం ముక్క అంటించి ఉంది, అది ఫొటోలో కనిపించే అవకాశమే లేదు. అడిగితే, ‘పాత పుస్తకం కదా మేడమ్, అలాగే ఉంటుంది’ అన్నాడు. డబ్బు తిరిగి ఇవ్వలేదు. డబ్బు కన్నా, ఆ మాటకి నాకు ఎక్కువ బాధేసింది. పాతది కావడం వేరు, కాగితాలు లేకపోవడం వేరు.

‘నియర్ మింట్’ అనేది అమెరికా కామిక్స్ వాళ్ళ మాట. అక్కడ 1970 నుంచే ధరల గైడు ఉంది. 2000 నుంచి సీజీసీ అనే సంస్థ కామిక్స్‌ను పరీక్షించి, 0.5 నుంచి 10 దాకా గ్రేడు ఇచ్చి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసి పంపుతోంది. ఆ స్కేలులో నియర్ మింట్ అంటే 9.4. కొత్తగా కొట్లోంచి తెచ్చినట్టే ఉండాలి. ఎవరైనా రంగు అద్దినా, అట్ట బాగుచేసినా ఊదారంగు లేబుల్ వేసి ఆ సంగతి దాని మీదే రాస్తారు. సూపర్‌మ్యాన్ మొదటిసారి కనిపించిన 1938 నాటి పుస్తకం అప్పట్లో 10 సెంట్లు. దాని 9.0 గ్రేడు కాపీ 2014లో 32 లక్షల డాలర్లకు పోయింది. అక్కడ ఒక్క పాయింటు తేడా వస్తే ధర ఎక్కడికో పోతుంది కాబట్టి అంత పట్టింపు. మన చందమామలకు అలాంటి సంస్థ లేదు, ధరల గైడూ లేదు. అమ్మేవాడి మాటే గ్రేడు. అలాంటప్పుడు ఆ మాట ఎంత జాగ్రత్తగా వాడాలి!

ఇక అబిడ్స్ సంగతి. ఆదివారం షాపుల షట్టర్లు దించి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ పొడుగునా పుస్తకాలే. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్‌లో దిగి, కోఠి మీదుగా నడుచుకుంటూ వెళ్తాను. పోటీ పరీక్షల పుస్తకాలు, ఇంజినీరింగ్ పుస్తకాలు, ఇంగ్లీషు నవలలే ఎక్కువ. తెలుగు పత్రికల కోసం కళ్ళు పెట్టుకుని వెతకాలి. మొదటిసారి పదకొండింటికి వెళ్ళాను, అప్పటికే మంచివి పోయాయి. తర్వాత రెండుసార్లూ తొమ్మిదికల్లా అక్కడున్నాను.

నేను కొన్న ఆయనకి యాభై దాటి ఉంటాయి. నీలం టార్పాలిన్ మీద ఒకవైపు ఇంద్రజాల్ కామిక్స్, అమర చిత్ర కథలు, ఒకవైపు చందమామలు, బాలమిత్రలు పెట్టుకుంటాడు. చందమామలు మాత్రం సంవత్సరాల వారీగా అట్టముక్కలు అడ్డం పెట్టి నిలబెట్టాడు. చాలామంది పురికొసతో బిగించి కట్టేస్తారు, ఆ తాడు అట్ట అంచుల్ని కోసేస్తుంది. ఈయన దగ్గర ఒక్క కట్టకీ తాడు లేదు. నేను అక్కడ ఆగడానికి కారణం అదే.

1979వి ఐదు తీశాను. ఐదూ 300 చొప్పున అన్నాడు. నేను డబ్బు తియ్యబోతుంటే, వాటిలో ఒకటి మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

‘అమ్మా, ఇది చూస్కోండి. దీని నడిమి కాగితం దీనిది కాదు.’

‘అంటే?’

‘నడిమిది ఊడిపోయిన పుస్తకమే నాకు దొరికింది. అదే నెల ఇంకో పుస్తకం చినిగింది ఉండె నా దగ్గర. దాంట్లకెళ్ళి తీసి దీంట్ల పెట్టిన. చదవనీకి ఫుల్ ఉంటది. కానీ మీరు జమ చేసేటోళ్ళు లెక్క ఉన్నరు, చెప్పకుండ ఇస్తే బాగుండదు. దీనికి 150 ఇయ్యండి.’

తర్వాత పుస్తకం మధ్యకి తెరిచి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని చూపించాడు. మిగతా కాగితాలు లేత గోధుమరంగులో ఉంటే ఆ ఒక్కటి కొంచెం తెల్లగా ఉంది. పై అంచు దగ్గర మిగతావాటి కన్నా నూలుపోగంత పొట్టి. పిన్నులు ఉన్న చోట ఆ కాగితానికి నాలుగు జతల చిల్లులు ఉన్నాయి: రెండు జతలు ఇప్పటి పిన్నులవి, వాటికి కాస్త కిందగా ఖాళీగా ఇంకో రెండు జతలు. ఆ ఖాళీ చిల్లుల చుట్టూ తుప్పు మరక గుండ్రంగా అంటుకుని ఉంది. అవి ఆ కాగితం మొదట ఉన్న పుస్తకం తాలూకు పిన్నులవి. ఆరేళ్ళుగా పోగేస్తున్నాను గానీ ఖాళీ చిల్లుల కోసం చూడాలని నాకు అంతవరకూ తట్టలేదు. ఆయన చెప్పకపోతే 300 ఇచ్చి సంతోషంగా తెచ్చుకునేదాన్ని. మిగతా నాలుగూ కూడా ఆయన ఎదురుగానే మధ్యకి తెరిచి చూసుకున్నాను. నాలుగూ బాగానే ఉన్నాయి. ఆ రోజు బిల్లు 1,350.

ఇంటికొచ్చి అన్నిటినీ పీడీఎఫ్ పక్కన పెట్టి పేజీ పేజీ సరిచూశాను. నేను ముందు చెప్పిన ఉపయోగం ఇదే. ఈ పుస్తకాలు మధ్యలో పిన్ను కొట్టినవి, ఒక్కో కాగితం మడిస్తే నాలుగు పేజీలు. ముందు సగంలో ఒక ఆకు పోతే వెనక సగంలో దాని జోడీ కూడా ఊడటానికి సిద్ధంగా ఉంటుంది. పేజీ నంబర్లు పైపైన చూసి వదిలేస్తే తెలియదు. స్కాన్ పక్కన పెట్టుకుంటే పది నిమిషాల పని.

రెండో ఆదివారం ఆరు తీసుకున్నాను, ఒక్కోటి 250. వీటిలో రెండింటి మీద ఎవరో పిల్లలు చందమామ చిత్రకారుడు ‘చిత్ర’ గారు గీసిన బొమ్మలకి స్కెచ్ పెన్‌తో రంగులు వేశారు. ధర తగ్గించడానికి ఇది కారణమే, ఆయనా ఒప్పుకుని తగ్గించాకే ఆ 250. నాకైతే అవి ఇష్టం. ఒక రాక్షసుడికి ఆకుపచ్చ మీసాలు. మా అన్నయ్య కూడా అలాగే వేసేవాడు.

మూడోసారి మూడే దొరికాయి: 400, 400, 300. 400వి రెండూ 1980 ఆగస్టుకు ముందువి. ఏళ్ళ తరబడి చందమామ సంపాదకత్వం చూసిన కొడవటిగంటి కుటుంబరావు గారు ఆ ఆగస్టులో పోయారు. ఆయన ఉన్నంతకాలం వచ్చిన సంచికలకు గిరాకీ ఎక్కువని ఈయన చెప్పాడు. ఇందులో నాకు పేచీ లేదు, ఆ కథల్లో వాక్యం నడిచే తీరే వేరు. వెనక అట్టలు కూడా పూర్తిగా ఉన్నాయి. కొందరు వడ్డాది పాపయ్య గారి బొమ్మ ఉన్న అట్ట చించి ఫ్రేము కట్టించుకుంటారు. మూలన ‘వపా’ అనే ఆ సంతకం కోసం అట్ట పోగొట్టుకున్న పుస్తకాలు ఎన్నో చూశాను.

ఆయనతో కుదరనిది ఒకటే, 1976 బైండు. 12 సంచికలు కలిపి కాలికో గుడ్డ వేసినది. 1,800 అన్నాడు. నేను 1,000 అన్నాను, దిగలేదు. బైండు చేసినవాడు లోపలి అట్టలన్నీ తీసేశాడు. మూడు వైపులా కత్తిరించాడు, కొన్ని పేజీల్లో బొమ్మ అంచు కూడా పోయింది. పక్కన కుట్టు వేసినందువల్ల పుస్తకం పూర్తిగా తెరుచుకోదు, బలవంతంగా తెరిస్తే కాగితం విరుగుతుంది. చదువుకునేవాళ్ళకి అది మంచి బేరమే. పోగేసేవాళ్ళు మాత్రం విడి సంచికల ధరలో సగం కూడా ఇవ్వకూడదని నా అభిప్రాయం. మా నాన్నగారు చేయించినవీ అలాంటి బైండులే. అవే గనక ఎదురైతే నేను ధర అడగను, అది వేరే సంగతి.

అమర చిత్ర కథల దగ్గర మాత్రం ఒక జాగ్రత్త. ఈయనే కాదు, అక్కడ చాలామంది పాతగా కనిపించినదాన్నల్లా మొదటి ముద్రణ అంటారు. ఆ సిరీస్ 1967లో మొదలై, మళ్ళీ మళ్ళీ అచ్చవుతూనే ఉంది. కాగితం పసుపు పచ్చగా ఉన్నంత మాత్రాన మొదటిది అయిపోదు. ధర, ముద్రణ వివరాలు లోపల చదవాలి. 1964 మార్చిలో మొదలై 1990లో ఆగిన ఇంద్రజాల్ కామిక్స్ గురించి నాకు అంత పట్టు లేదు. వాటి కోసం వచ్చేవాళ్ళు నంబర్లు రాసుకున్న చిన్న నోటుబుక్కుతో వస్తారు, వాళ్ళని అడిగితే విసుక్కోకుండా చెబుతారు.

ఇబ్బందులూ ఉన్నాయి. బిల్లు ఉండదు, తిరిగి తీసుకోవడం ఉండదు. ఎండ నేరుగా పుస్తకాల మీదే పడుతుంది, పదకొండు దాటితే నిలబడి చూడటం మనకీ కష్టమే. వాన పడితే బజారే లేదు. ఫోన్‌పే తీసుకుంటాడు గానీ చిల్లర నోట్లు ఉంటే బేరం తేలిగ్గా తెగుతుంది. 1950ల సంచికలు ఈయన దగ్గర నాకు ఒక్కటీ కనబడలేదు. 1947 జూలై మొదటి సంచిక అయితే అడగడమే దండగ. విజయవాడలో ఉన్నవాళ్ళు లెనిన్ సెంటర్‌లో కూడా ప్రయత్నించవచ్చు. నాకు అక్కడ రెండు దొరికాయి, కానీ సంవత్సరాల వారీగా సర్దినవాళ్ళు ఎవరూ తగల్లేదు.

తెచ్చుకున్నాక చెయ్యాల్సిన పని కూడా కొంచెం ఉంటుంది. నేను రెండు రోజులు నీడలో ఆరబెట్టి, మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, పాలియెస్టర్ కవర్లో ఆమ్లం లేని అట్ట పెట్టి దాస్తాను. మామూలు పీవీసీ కవర్లు వద్దు, కొన్నేళ్ళకి అట్టకి అతుక్కుపోయి రంగు లాగేస్తాయి. చినిగిన చోట సెల్లోటేప్ అసలే వద్దు. నా దగ్గరున్న ఒక సంచికకి ఎవరో ప్రేమగా వేసిన టేపు ఇప్పుడు కాఫీ రంగు పట్టీ అయి కూర్చుంది, కింద అక్షరాలు కనబడవు. తుప్పు పట్టిన పిన్నులు నేనైతే ముట్టుకోను. పిన్ను మార్చిన పుస్తకానికీ మార్చనిదానికీ తేడా ఇప్పుడు నాకు తెలుసు.

నేను మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్తాను. ధర విషయానికొస్తే, ఇంకొంచెం తిరిగితే 50 రూపాయలు తక్కువకి దొరకవచ్చు. ఆ 50 రూపాయలు ఖాళీ చిల్లులు చూపించినందుకని అనుకుంటాను.

మొన్న గురువారం ఫోన్ చేశాడు. నా లిస్టులోవి 1981వి రెండు వచ్చాయట. ‘ఒకటి మంచిగుంది అమ్మా. ఇంకోదానికి వెనక అట్ట లేదు, మూడు పేజీలకు చెద తగిలింది. వద్దంటే వేరేటోళ్ళకిస్త’ అన్నాడు. ఏయే పేజీలని అడిగాను. ఫోన్ పక్కన పెట్టి, తిప్పుతూ నంబర్లు చదివాడు. రెండూ ఉంచమన్నాను.