ఊళ్లోనే ఉండే నాయిక, ఊరు దాటే నాయిక

ప్రేమికుడితో విడిపోయాక మళ్లీ ప్రేమ చిగురించే నవలను వరంగల్ నేపథ్యంలో రాసేవారికి ప్రధానంగా రెండు దారులుంటాయి: నాయికను ఊళ్లోనే ఉంచడం, లేదా కాజీపేటలో రైలెక్కించి హైదరాబాద్ పంపడం.

రెండోది సులువైన దారి. కొత్త ఉద్యోగం, హాస్టల్ గది, పరిచయం లేని ముఖాలు గతాన్ని కథలోంచి తప్పిస్తాయి. అందువల్ల కొత్త ప్రేమ త్వరగా మొదలవుతుంది గానీ, పాత గాయం నిజంగా మానిందా, కంటికి దూరమైందా అన్నది పాఠకులకు తేలదు.

మొదటి దారిలో ఆ వెసులుబాటు లేదు. భద్రకాళి బండ్ మీద సాయంత్రపు నడకలోనో, 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి దగ్గర ఎంగిలిపూల బతుకమ్మ నాటి జనంలోనో పాత మనిషి ఎదురుపడతాడు. ఆమె చేతుల్లోని బతుకమ్మ ఒక్కసారి వణికి, పైవరుస తంగేడు పూలు రెండు జారిపడితే, పక్కనున్న కొత్త మనిషి అది గమనించీ ఏమీ అడగకపోవడంలోనే అతని స్వభావమంతా తెలుస్తుంది. ఇంటికొచ్చాక మేనత్త "ఆ పిలగాడు ఏమాయె బిడ్డా?" అని అడగనే అడుగుతుంది. ఇంతటి ఒత్తిడిని తట్టుకుని నిలిచిన ప్రేమనే నేను నమ్మగలను, కాబట్టి నా మొగ్గు దీనివైపే. అయితే ఇలాంటి కలయికలు ఒకటి రెండుకు మించితే కథ కాకతాళీయంగా తోస్తుంది. మిగతా చోట్ల ఊరివాళ్ల మాటల్లో అతని పేరు వినబడితే చాలు.