పెన్నలో మూడేళ్లు: గాలి నింపుకొనే ప్యాడిల్ బోర్డుపై నా సమీక్ష

2023 జనవరిలో కొన్న స్టాండప్ ప్యాడిల్ బోర్డును, అంటే నీళ్ల మీద నిలబడి తెడ్డుతో నడిపే బల్లను, మూడేళ్లుగా నెల్లూరు దగ్గర పెన్నలో వాడుతున్నాను. కొనాలనుకునేవారు మొదట అడిగేది ఇది మన ఏటికి పనికివస్తుందా అనే కాబట్టి ఆ జవాబు ముందే చెబుతాను. బోర్డు బాగా సరిపోయింది. దానితో పాటు పెట్టెలో వచ్చిన ఫిన్ (అడుగున బిగించే రెక్క), బోర్డు కొట్టుకుపోకుండా కాలికి కట్టుకునే తాడు మాత్రం సరిపోలేదు. ఆ రెండింటినీ మార్చుకోకుండా పెన్నలో పారే నీళ్లలోకి దిగవద్దని గట్టిగా చెబుతాను.

నాది 320 సెంటీమీటర్ల పొడవు, 81 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం ఉన్న మామూలు రకం. గాలి తీసి చుట్టేస్తే వీపు సంచిలో పడుతుంది, స్కూటరు మీద ఏటి ఒడ్డుకు తెచ్చుకోవచ్చు. లోపల పై పొరను, కింది పొరను వేల దారాలతో కలిపి నేసి ఉంటారు. అందుకే గాలి నిండినప్పుడు ఇది ట్యూబులాగా ఉబ్బకుండా బల్లలాగా బిగుసుకుంటుంది. ఆ బిగువు రావాలంటే ఒత్తిడి 15 పీఎస్ఐ దాకా ఉండాలి. 10 దగ్గర ఆపేస్తే నిలబడిన చోట నడుము వంగినట్టు దిగిపోయి, తెడ్డు వేసిన ప్రతిసారీ ఊగుతుంది. మొదటి నెలంతా నాకు నిలకడ రావడం లేదని బాధపడ్డాను. లోపం గాలి తక్కువ నింపడంలో ఉందని తర్వాత తెలిసింది. 78 కిలోల బరువున్న నేను ఇప్పుడు చిన్న నీళ్ల డబ్బా, సంచి పెట్టుకుని కూడా నిశ్చింతగా నిలబడగలుగుతున్నాను.

నేను ఎక్కువగా తిరిగేది బ్యారేజికి ఎగువన నిలిచిన నీళ్లలో. 2022 సెప్టెంబరులో కొత్త బ్యారేజి అందుబాటులోకి వచ్చినప్పటి నుంచి అక్కడ నీళ్లు చెరువులాగా పరుచుకుని ఉంటున్నాయి. తెల్లవారుజామున గాలి లేనప్పుడు అక్కడ నిలబడి రంగనాయకుల గుడి గాలిగోపురం వైపు చూస్తుంటే, ఊరి నడుమ ఇంత నిశ్శబ్దం ఉందా అనిపిస్తుంది. అయితే గేట్లకు అరకిలోమీటరు లోపలికి నేనెప్పుడూ వెళ్లను. గేటు ఎత్తితే పైనున్న నీరు చూస్తుండగానే అటు లాగడం మొదలుపెడుతుంది. గేటు కింద పడిన నీరు మళ్లీ గోడ వైపే తిరుగుతూ దొరికిన దాన్ని వదలదు. అక్కడ ఈత వచ్చినా ఉపయోగం ఉండదు. ఎగువనున్న సోమశిల జలాశయం నుంచి నీళ్లు వదిలారా, ఎగువన వాన పడిందా అని ముందు కనుక్కుని, స్థానికంగా ఉన్న అధికారులను అడిగి దిగడం నాకు అలవాటైంది. ఈశాన్య రుతుపవనాల కాలమైన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బోర్డును సంచిలోంచి బయటికి తీయను. 2021 నవంబరు వరద ఈ ఏరు ఎంతగా మారిపోగలదో మా వీధికి కళ్లారా చూపించింది.

ఇక ఫిన్ సంగతి. బోర్డు అడుగున వెనక వైపు బిగించే, చేప రెక్కలాంటి ప్లాస్టిక్ ముక్క అది. బోర్డు పక్కకు జారకుండా నేరుగా పోయేలా చూస్తుంది. పెట్టెలో వచ్చినది 23 సెంటీమీటర్ల లోతుది, అంటే జానెడు. సముద్రానికి, లోతైన సరస్సుకు అది సరైన కొలతే. పెన్నలో బ్యారేజికి దిగువన పాయలు మోకాలి లోతుకు వచ్చి, మళ్లీ తిన్నె తగిలి, ఆ పక్కనే ఇసుక తీసిన గుంట నిలువు లోతున ఉంటుంది. తిన్నెకు ఫిన్ తగిలిన క్షణం బోర్డు ఆగిపోతుంది, నిలబడిన మనిషి ఆగడు. రెండుసార్లు మొహం ముందుకు పడ్డాను. ఇప్పుడు 10 సెంటీమీటర్ల మెత్తటి రబ్బరు ఫిన్ వాడుతున్నాను. దానితో ముక్కు కొంచెం పక్కకు తిరుగుతుంది కాబట్టి మూడు నాలుగు తెడ్లకొకసారి చేతులు మార్చుకోవాలి. అది నాకు పెద్ద నష్టంగా తోచలేదు. పైగా గుర్రపుడెక్క, నాచు పెద్ద ఫిన్‌కు చుట్టుకున్నంతగా దీనికి చుట్టుకోవు.

తాడు విషయం మాత్రం ప్రాణాలతో ముడిపడినది. రెండో ఏడాది జనవరిలో దిగువ పాయలో నీళ్లు నడుము దాటి వేగంగా పోతున్న రోజున, ఎవరో వల కట్టడానికి పాతిన కొయ్యకు అటు నేను, ఇటు బోర్డు పడ్డాం. చీలమండకు కట్టిన తాడు కొయ్యకు అడ్డంగా బిగుసుకుంది. బోర్డును నీళ్లు లాగుతుంటే నా కాలు వెనక్కి సాగిపోయి, తల నీళ్లలోకి వంగిపోతోంది. చెయ్యి కాలి దాకా అందించాలని మూడుసార్లు ప్రయత్నించాను. వంగిన ప్రతిసారీ ప్రవాహం వీపు మీద కూర్చున్నట్టు ఒత్తింది. థర్మోకోల్ తెప్ప మీద వల తీస్తున్న ఒక పెద్దాయన వచ్చి బోర్డును ఎదురు తోసి పట్టుకుంటే తాడు వదులైంది. ఒడ్డున కూర్చోబెట్టి ఆయన అన్న మాట ఇది: "అబ్బయ్యా, పారే ఏట్లో తాడు కాలికి కట్టుకుంటే ఎట్టా? నడుముకు కట్టుకో, లాగితే ఊడొచ్చే ముడి వెయ్యి. తెప్ప పోతే ఇంకోటి కట్టుకోవచ్చు."

పారే నీటికి అమ్మే తాడు సరిగ్గా ఆయన చెప్పినట్టే ఉంటుంది. నడుముకు బెల్టు, దానికి తాడు, పొట్ట ముందు ఒక చిన్న బంతి లేదా పట్టీ ఉంటాయి. ఏ చేత్తో లాగినా బెల్టు విడిపోతుంది. ఒడ్డున కళ్లు మూసుకుని పదిసార్లు లాగి అలవాటు చేసుకోండి. అసలు తాడే లేకుండా పోవడం కూడా తప్పే. నిలిచిన నీళ్లలో పడిపోతే గాలికి బోర్డు మన ఈత కంటే వేగంగా కొట్టుకుపోతుంది. అక్కడ కాలి తాడు చాలు. లైఫ్ జాకెట్ మాత్రం రెండు చోట్లా ఉండాలి.

గాలి వాల్వులో చూడాల్సింది ఒక్కటే. మధ్యలో ఉన్న పుల్ల పైకి లేచి ఉంటే గాలి లోపల నిలుస్తుంది, నొక్కి తిప్పితే బయటికి పోతుంది. ఒకరోజు పంపు గొట్టం తీయగానే బుస్సుమని గాలి పోసాగింది. తీరా చూస్తే రబ్బరు అంచు కింద ఆవగింజంత ఇసుక రేణువు ఉంది. అప్పటి నుంచి వాల్వు తెరిచే ముందు తడిగుడ్డతో తుడుస్తాను. పెట్టెలో వచ్చిన చేతి పంపుతో పది నిమిషాలు పడుతుంది. పైకి లాగినా, కిందికి నొక్కినా గాలి వెళ్లే పద్ధతిలో 8 పీఎస్ఐ దాకా కొట్టి, తర్వాత ఒకవైపు పద్ధతికి మార్చుకుంటే నడుము నొప్పి రాదు.

మన ఎండ ఈ బోర్డుకు పెద్ద శత్రువు. చల్లటి వేళ నిండా కొట్టిన గాలి ఎండకు వ్యాకోచించి అతుకుల మీద ఒత్తిడి పెంచుతుంది. అందుకే ఒడ్డున ఆగినప్పుడు నీడకు లాగి, కొంత గాలి వదిలేస్తాను. రెండో వేసవిలో ఒక మధ్యాహ్నం దీన్ని కారు డిక్కీలో వదిలేయడంతో తోక దగ్గర అతుకు వేలెడంత మేర లేచింది. పీవీసీ జిగురుతో అంటించాను, ఇంతవరకు నిలిచింది. వినాయక నిమజ్జనం జరిగిన చోట మిగిలిన ఇనుప చువ్వ గుచ్చుకుని పడిన బొక్కకు కూడా అదే వైద్యం చేశాను. గరుకు కాగితంతో రుద్ది, రెండు పూతల జిగురు రాసి, గుండ్రటి అతుకు వేసి, పూర్తిగా ఒకరోజు ఆరనిచ్చాక గాలి కొట్టాను. గుండ్రంగానే కత్తిరించండి, మూలలుంటే అక్కడి నుంచే లేస్తుంది.

తెడ్డు మన ఎత్తు కంటే జానెడు పొడవుండాలి. దాని పలక వంపు ముందు వైపుకు ఉండాలి, చాలామంది తిరగేసి పట్టుకుంటారు. ఉదయం బయల్దేరేటప్పుడు గాలికి ఎదురు వెళ్లి, అలసిపోయాక గాలివాలున తిరిగి రావాలి. గాలి మరీ లేస్తే మోకాళ్ల మీద కూర్చుని తెడ్డు వేయాలి. ఈ ఆట హవాయి నుంచి వచ్చిందంటారు కానీ, మన తీరాన జాలర్లు తరతరాలుగా దుంగల తెప్ప మీద మోకాళ్లూని తెడ్డు వేస్తూనే ఉన్నారు.

ఊరి మురుగు కలిసే చోట్లకు దగ్గరగా పోను. కాలికి చిన్న గాయమున్నా ఆ రోజు మానుకుంటాను, ఎందుకంటే మురికి నీటి నుంచి ఎలుక జ్వరం వస్తుంది. ఇంటికి రాగానే బోర్డును మంచినీళ్లతో కడిగి, తడి పూర్తిగా ఆరాకే చుడతాను.

అప్పుడు బోర్డుకు 28 వేలు పెట్టాను, నడుము బెల్టు తాడుకు, చిన్న ఫిన్‌కు మరో మూడు వేలయింది. కొనేవారు ఆ మూడు వేలను బోర్డు ధరలోనే కలిపి లెక్కవేసుకోవాలి. డబ్బు చాలకపోతే ఇంకొంచెం చవక బోర్డు తీసుకోండి, బెల్టు తాడును మాత్రం వాయిదా వేయకండి. నా కాలి తాడును బ్యారేజి ఎగువన నిలిచిన నీళ్ల కోసం విడిగా ఉంచుకున్నాను. దిగువ పాయకు వెళ్లే సంచిలో దాన్ని పెట్టను.