ఎంవీపీ కాలనీ దంత వైద్యశాల: అంగిలికి మత్తు ఇచ్చిన తీరు

విశాఖ ఎంవీపీ కాలనీలోని ఒక చిన్న దంత వైద్యశాలలో పై దవడ జ్ఞానదంతం తీయించుకున్నాను. అక్కడ అన్నింటికన్నా మెచ్చదగినది అంగిలికి మత్తు సూది వేసిన పద్ధతి. అంగిలి వెనుక భాగానికి స్పర్శనిచ్చే నరం బయటికి వచ్చే, అంగిలి ఎముకలోని పెద్ద రంధ్రం చాలామందిలో జ్ఞానదంతానికి ఎదురుగా, మధ్యరేఖకు సుమారు 15 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నా, కొందరిలో దాని ముందరి పంటి వైపు, అరుదుగా మరింత వెనక్కి జరిగి ఉంటుంది. ఆ పెద్ద రంధ్రం వెనుకనుండే చిన్న రంధ్రాల సంఖ్య సైతం మనిషికీ మనిషికీ మారుతుంది. అందుకే డాక్టరు గారు పంటి ఆనవాలును మాత్రమే నమ్ముకోకుండా, దూది చుట్టిన పుల్లతో అంగిలిని నొక్కుతూ, మెత్తగా దిగిన గుంటను పట్టుకుని, కాసేపు అక్కడే అదిమి ఉంచి, మందును బొట్టుబొట్టుగా ఎక్కించారు. అంగిలి పొర ఎముకకు గట్టిగా అతుక్కుని ఉంటుంది కనుక, తొందరపడి తోస్తే ప్రాణం పోయినంత పనవుతుంది. చిగురు తగ్గిన చోట అతికించడానికి అంగిలి పొరను తీసే శస్త్రచికిత్సలో, అదే రంధ్రం గుండా వచ్చే ధమని తెగకుండా చూడటానికీ ఈ స్థాన పరిజ్ఞానమే అవసరం. అయితే, ముందే సమయం తీసుకున్నవారిని కూడా ఫ్యాను సరిగా తిరగని గదిలో, విశాఖ ఉక్కపోతలో, చాలాసేపు కూర్చోబెడుతున్నారు. వీలైతే ఉదయమే వెళ్లడం మేలు.