కర్నూలు–హైదరాబాద్ రైలు: బోగీల కొరత కాదు, క్రాసింగుల బాధ

కర్నూలు సిటీ నుంచి హైదరాబాద్ వైపు రైలు సేవకు మొత్తం మీద ఐదుకు మూడు మార్కులు. ఛార్జీకి నాలుగు, కూర్చునే వసతికి మూడు, టైముకు మాత్రం రెండే. ఆ రెండు ఎందుకో అర్థమైతే ఏ బండి ఎక్కాలో, ఏది వదిలేయాలో కూడా తెలుస్తుంది.

సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ దాకా 85 కి.మీ. డబ్లింగ్ (రెండో లైను వేయడం), విద్యుదీకరణ సుమారు 1,410 కోట్ల ఖర్చుతో పూర్తయి 2023 ఏప్రిల్ 8న ప్రారంభమయ్యాయి. మహబూబ్‌నగర్ దాటాక గద్వాల, కర్నూలు, డోన్ వరకు కథ వేరు, అక్కడిది సింగిల్ లైను. ఈ ముక్క డబ్లింగ్‌కు కేంద్ర మంత్రివర్గం 2023 ఆగస్టులో ఒప్పుకుంది. మేడ్చల్–ముద్ఖేడ్‌తో కలిపి 417.88 కి.మీ., 5,655 కోట్లు. మరుసటి నెల 24న కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందే భారత్ ఇదే దారిలో మొదలైంది. అక్టోబరు 1న జక్లేర్–కృష్ణ కొత్త లైను తెరవడంతో రాయచూరు బండి కూడా దేవరకద్ర దగ్గర వచ్చి కలిసింది. రెండో లైను పడకముందే ఉన్న లైను మీద బరువు పెరిగిందన్నమాట.

సింగిల్ లైను మీద ఎన్ని బండ్లు పడతాయో లెక్క కట్టడానికి రైల్వే వాళ్లకు స్కాట్ సూత్రం ఉంది. రోజులో 1440 నిమిషాలు. రెండు స్టేషన్ల మధ్య అన్నిటికన్నా పొడవైన ముక్కను నిదానంగా పోయే బండి దాటే సమయానికి, బ్లాకు (ఆ ముక్కలోకి బండిని పంపడానికి అవతలి స్టేషను అనుమతి) తీసుకుని సిగ్నల్ ఇచ్చే సమయం కలపాలి. 1440ని ఆ మొత్తంతో భాగించి 0.7తో గుణించాలి. ఉదాహరణకు 12 కి.మీ. ముక్కను గూడ్సు 24 నిమిషాల్లో దాటి, బ్లాకుకు 5 నిమిషాలు పోతే, రోజుకు రెండు వైపులా కలిపి 34 బండ్లు. అదే ముక్క నడుమ ఎదురెదురు బండ్లు తప్పుకునే ఒక క్రాసింగ్ స్టేషను పెట్టి ఆరేసి కిలోమీటర్లు చేస్తే 59. రెండో లైను వేయకుండానే ఇంత తేడా. అందుకే డబ్లింగ్ పని చేతికి అందిన చోట కాకుండా, పొడవైన ముక్కలున్న చోట ముందు తెరవాలి.

తుంగభద్ర మీద, కృష్ణ మీద రెండో వంతెనలు లేటవుతాయని చాలామంది దిగులు పడతారు. అంత దిగులు అక్కర్లేదు. అటూ ఇటూ డబుల్ లైను ఉండి వంతెన దగ్గర 3 కి.మీ. మాత్రమే సింగిల్ మిగిలితే, ఆరు నిమిషాల పరుగు, ఐదు నిమిషాల బ్లాకు కలిపినా 90కి పైగా బండ్లు పడతాయి. ఆ రెండు నదుల నడుమ ఉన్న నడిగడ్డలో మిగతా పని వంతెనల కోసం ఆపితేనే నష్టం.

బండి ఎక్కేవాళ్లకు తగిలేది క్రాసింగు. ఎదురు బండి కోసం పక్క లైనైన లూప్‌లోకి మళ్లే చోట మామూలు 1:12 పాయింట్ల (బండిని లైను మార్చే పట్టాలు) మీద వేగం గంటకు 30 కి.మీ. లోపలికి రావాలి, ఎదురు బండి దాటాలి, పాయింట్లు మార్చి సిగ్నల్ ఇవ్వాలి, మళ్లీ వేగం అందుకోవాలి. అన్నీ సవ్యంగా జరిగినా పది పదిహేను నిమిషాలు పోతాయి. లూప్ పొడవు మామూలుగా 686 మీటర్లు. అంతకన్నా పొడుగాటి గూడ్సు వస్తే దాన్ని పక్కకు పెట్టే వీలే లేదు, ఆగాల్సింది ప్యాసింజరే. వెనకనుంచి వందే భారత్ కూడా తరుముకొస్తే అలంపూర్ రోడ్, ఇటిక్యాల లాంటి చిన్న స్టేషన్లో వేరుశనక్కాయలు తింటూ కూర్చోవాల్సిందే.

డబ్లింగ్ అయ్యేలోపు తక్కువ ఖర్చుతో చేయదగ్గ పని ఒకటుంది. కరెంటు తీగ ఎటూ ఉంది కాబట్టి కర్నూలు–గద్వాల, కర్నూలు–డోన్ మధ్య మెమూ (రెండు కొసలా డ్రైవరు గది ఉండి, వేరే ఇంజను అక్కర్లేని కరెంటు బండి) తిప్పడం. ఇంజను వేరుగా తగిలించే మామూలు బండికి చివరి స్టేషన్లో ఇంజను విప్పి, పక్క లైను మీదుగా రెండో కొసకు తెచ్చి, తగిలించి, బ్రేకు పరీక్ష చేయాలి. అరగంట దాకా ఒక ప్లాట్‌ఫాం, ఒక లూప్ ఇరుక్కుపోతాయి. మెమూకు డ్రైవరు ఈ కొస నుంచి ఆ కొసకు నడిస్తే చాలు. స్టేషన్లకు అమృత్ భారత్ పథకం కింద చేస్తున్న సోకులు బాగానే ఉన్నాయి గానీ వాటితో ఒక్క బండీ పెరగదు.

ఇప్పటికి ఎక్కేవాళ్లకు: సీటు ముఖ్యమైతే కర్నూలు సిటీలోనే బయల్దేరే హంద్రీ, తుంగభద్ర ఎక్కండి. దూరం నుంచి వచ్చే బండ్ల జనరల్ బోగీలు ఇక్కడికే నిండి వస్తాయి. కచ్చితమైన టైముకు ఆఫీసులోనో కోర్టులోనో ఉండాలంటే 44వ నంబరు హైవే మీద బస్సే నయం. కాచిగూడ 200 కి.మీ. దాటుతుంది గనుక జనరల్ టికెట్ మూడు రోజుల ముందే తీసుకోవచ్చు. గద్వాలకైతే అదే రోజు కొనాలి. నెల పాసు గరిష్ఠంగా 150 కి.మీ. వరకే ఇస్తారు. కాబట్టి గద్వాల, మహబూబ్‌నగర్ దాకా పాసు దొరుకుతుంది, హైదరాబాద్‌కు దొరకదు. పాసు చేతిలో ఉందని రిజర్వేషను బోగీ ఎక్కితే టీసీ జరిమానా రాస్తాడు.