గన్ డాగ్ పిల్లకు స్టార్టర్ కిట్: ఏది ఎప్పుడు బయటికి తీయాలి

వేటలో తుపాకీతో కొట్టిన పక్షులను వెతికి నోట కరుచుకొని తెచ్చే కుక్కలే గన్ డాగ్‌లు. వాటిలో లాబ్రడార్, స్ప్రింగర్ స్పానియల్, కాకర్ పిల్లల కోసం ఒకే సంచిలో పెట్టి అమ్మే స్టార్టర్ కిట్‌లో మామూలుగా ఐదు వస్తువులుంటాయి. మెడలో వేసుకునే తాడుతో విజిల్, అర పౌండు కాన్వాస్ డమ్మీ (పక్షికి బదులు విసిరి తెప్పించే సంచి), పౌండు డమ్మీ, స్లిప్ లీడ్ (మెడకు ఉచ్చులా వేసే తాడు), ట్రైనింగ్ లైన్ అనే పొడవాటి తాడు. వస్తువులు చాలావరకు మంచివే. చిక్కల్లా అన్నీ ఒకేరోజు చేతికి రావడంతోనే. ఎనిమిది వారాల పిల్లకు వీటిలో మొదటిరోజు నుంచే పనికొచ్చేది విజిల్ ఒక్కటే. అందరికీ ముందు చేతులు పోయేది మాత్రం డమ్మీ మీదికి.

విజిల్‌తోనే మొదలుపెడదాం, కిట్ మొత్తంలో పెట్టిన డబ్బుకు పూర్తి విలువ ఇచ్చేది అదే కాబట్టి. మంచి కిట్లలో ఏక్మీ 210.5 గానీ 211.5 గానీ ఉంటుంది. 1870లో బర్మింగ్‌హామ్‌లో జోసెఫ్ హడ్సన్ పెట్టిన కంపెనీ తయారీ ఇది. లోపల గోళీ ఉండదు కాబట్టి తడిసినా, ఉమ్మి చేరినా అడ్డుపడి మూగబోదు. 210.5 స్వరం కాస్త హెచ్చు, స్పానియల్ పెంచేవాళ్లు ఎక్కువగా అది వాడతారు. 211.5 కాస్త తగ్గు, లాబ్రడార్‌లాంటి రిట్రీవర్లు పెంచేవాళ్లది. ఇది మనుషుల ఆనవాయితీయే తప్ప లాబ్రడార్ చెవికి 210.5 వినపడదని కాదు. అసలు లాభం నంబరులో ఉంది. విజిల్ పోతే అదే నంబరు కొంటే అదే స్వరం వస్తుంది, కుక్కకు మళ్లీ నేర్పక్కర్లేదు. ఇంట్లో ఇద్దరు పిలిచేవాళ్లుంటే ఇద్దరి దగ్గరా ఒకే నంబరు ఉండాలి. పేరు లేని విజిల్ పెట్టిన కిట్ అయితే దాన్ని పక్కన పడేసి ఇది విడిగా కొనుక్కోవడం మేలు.

వాడే పద్ధతి తేలిక. తిండి వేళకు ఒకరు పిల్లను పట్టుకుంటారు, ఇంకొకరు గిన్నెతో నాలుగైదు అడుగుల దూరంలో నిలబడతారు. పిల్లను వదలగానే, అది గిన్నె వైపు పరుగెత్తుతుండగా, మూడు నాలుగు పొట్టి ఊదులు. వస్తున్నప్పుడే ఊదడం ముఖ్యం, ఊది రప్పించడం తర్వాతి మెట్టు. కొన్నాళ్లు ప్రతి పూటా ఇలా సాగాక పక్క గదిలోంచి, ఆ తర్వాత పెరట్లోంచి. దగ్గర్లో ఉన్నప్పుడు ఊపిరి వదిలినంత మెల్లగా చాలు. చెవి పక్కనే గట్టిగా ఊదితే పిల్ల బెదురుతుంది, విజిల్ నోట్లో పెట్టుకోగానే తల తిప్పేసుకుంటుంది. ఒకే పొడుగాటి ఊదు ‘కూర్చో’కి గుర్తు. నోటిమాటతో కూర్చోవడం గట్టిపడ్డాకే దాన్ని జతచేయాలి.

పిలుపు ఎక్కువగా చెడిపోయేది ఇలా. పిల్ల ఏదో వాసనలో మునిగి ఉంటుంది, యజమాని ఊదుతాడు, అది రాదు, మళ్లీ ఊదుతాడు, ఇంకా గట్టిగా ఊదుతాడు. పట్టించుకోకపోయినా ఏమీ కాదని అయిదు నిమిషాల్లో నేర్పేసినట్టే. రాదనిపిస్తే ఊదొద్దు, నడిచి వెళ్లి తెచ్చుకోండి. మరో మాట: కిట్లలో వచ్చే మెడతాళ్లు నాసిరకం, కొక్కెం తొందరగా వదులవుతుంది. తాడు మార్చుకోండి. పిల్లతో ఆడేటప్పుడు మెడలో వేలాడదీయకండి, అది కూడా దానికి కొరికే వస్తువే.

ఇక అర పౌండు డమ్మీ, అంటే సుమారు 225 గ్రాములు. దళసరి నూలు కాన్వాస్ సంచిలో రంపపుపొట్టో అలాంటి మరేదో కూరి, ఒక చివర విసరడానికి తాడు పెడతారు. కొనేముందు చూడాల్సినవి: కుట్టు రెండు వరసలుండాలి. డమ్మీని నిలువుగా పట్టుకొని ఊపితే లోపలి కూరు ఒక కొసకు జారిపోకూడదు. జారితే బరువు ఒకవైపే ఉంటుంది, పిల్ల మధ్యలో కాకుండా చివర పట్టుకొని ఈడ్చుకొస్తుంది, ఆ పట్టే అలవాటైపోతుంది. బొటనవేలితో నొక్కితే కాస్త లొంగాలి. కొత్త కాన్వాస్ మరీ బిరుసుగా ఉంటే తడిపి, నీడలో ఆరేసి, కాలికింద వేసి దొర్లిస్తే మెత్తబడుతుంది. తాడు చివర చెక్కముక్క ఉంటే తాడుతో సహా విప్పేయండి. లేకపోతే పిల్ల డమ్మీని వదిలి తాడు పట్టుకొని విదిలిస్తుంది. రంపపుపొట్టు నీళ్లు తాగితే ఉబ్బి, కొన్నాళ్లకు కంపు కొడుతుంది, నీటిలో పనికి ఇది వద్దు. కుట్టు విడిపోయిన రోజే పారేయాలి. గుడ్డ, తాడు ముక్కలు మింగితే పేగుకు అడ్డం పడతాయి.

ఎనిమిది నుంచి పన్నెండు వారాల మధ్య ఇది కూడా ఎక్కువే, చుట్టి ముడేసిన పాత మేజోడు చాలు. చోటు సన్నటి వసారా, తలుపులన్నీ మూసి. విసిరే దూరం మూడు నాలుగు మీటర్లు. పిల్ల పడకకు, విసిరినదానికి మధ్యలో మీరు నేలమీద కూర్చోవాలి. నోట కరుచుకున్నది ఏదైనా పిల్ల తన పడక దగ్గరికే మోసుకెళ్లాలనుకుంటుంది, దారిలో మీరుంటారు. వచ్చాక నోట్లోది లాగొద్దు. ఛాతీ, పక్కలు నిమురుతూ కొన్ని క్షణాలు దాన్నలాగే పట్టుకోనివ్వండి. తర్వాత దవడ కింద చెయ్యి పెట్టి ఒకటే మాట, ‘ఇవ్వు’ అనుకోండి, ఎప్పుడూ అదే. తాయిలం ముందే చూపిస్తే సగం దారిలోనే డమ్మీ ఉమ్మేసి చేతికోసం పరుగెత్తుకొస్తుంది. పట్టుకొని పారిపోతే తరమకండి, వెనక్కి తిరిగి పరుగెత్తండి, అదే వెంటపడుతుంది. లాగులాట మాత్రం అసలు వద్దు. పక్షిని నలిపేసే గట్టి నోటికి లాగులాట, నోట్లోంచి గుంజుకోవడం రెండూ దోహదం చేస్తాయి.

రోజుకు రెండు విసుర్లు, కొన్ని రోజులు ఒక్కటీ వద్దు. మామూలు బంతాటలా సాగదీస్తే పిల్ల మూడోసారికో నాలుగోసారికో విసిగి మధ్యలో వదిలేస్తుంది, అలా వదలడం కూడా నేర్చుకున్న విద్యే అవుతుంది. మిగతా సమయంలో డమ్మీ అల్మరాలో ఉండాలి, ఆటవస్తువుల బుట్టలో కాదు.

పళ్లు మారే కాలం వేరే సంగతి. మూడో నెల దాటాక 28 పాలపళ్లు రాలడం మొదలై, ఆరేడు నెలలకు 42 కొత్త పళ్లు వస్తాయి. ఆ మధ్యలో చిగుళ్లు సలుపుతుంటాయి. బిరుసు కాన్వాస్ కొరికితే నొప్పి, ఆ నొప్పి డమ్మీ వల్లేనని పిల్ల అనుకుంటుంది. లేదా నోట్లోనే దొర్లిస్తూ నమలడం మొదలెడుతుంది. నాలుగు, అయిదు నెలల్లో డమ్మీ పూర్తిగా దాచేయడమే మంచిది. పిల్ల మహా ముద్దొచ్చే వయసు కూడా అదే కాబట్టి అందరూ అప్పుడే తెగ విసురుతారు.

ఆరు నెలలు దాటి మళ్లీ బయటికి తీశాక పని మారుతుంది. పిల్లను కూర్చోబెట్టి, లీడ్ పట్టుకొని విసరండి, నడిచి వెళ్లి మీరే తెచ్చుకోండి. నాలుగు విసుర్లలో దానికి దక్కేది ఒకటే. పడ్డ ప్రతిదీ తనదేననుకున్న కుక్క చెప్పకముందే దూసుకెళ్తుంది, ఆ అలవాటు వదిలించడం చాలా కష్టం. కిట్‌లోని పౌండు డమ్మీ పళ్లన్నీ వచ్చి, మెడకు బలం చేరాకే. చిన్న కాకర్‌కు ఇంకా ఆలస్యమైనా తొందర లేదు.

స్లిప్ లీడ్‌కు జారకుండా బిగిసే తోలు స్టాపర్ లేకపోతే తీసుకోవద్దు. తాడు ఎనిమిది మిల్లీమీటర్ల మందం ఉంటే చేతికి బాగుంటుంది. కుక్క ఎడమపక్కన నడిస్తే ఉచ్చును ఎదురుగా పట్టుకున్నప్పుడు ఇంగ్లీషు ‘పి’ ఆకారం కనపడాలి. తిరగేసి వేస్తే లాగడం ఆపినా ఉచ్చు సడలదు. లాగే వయసు పిల్లకు ఇది గొంతునాళం మీద పడుతుంది, కాబట్టి మొదటి నెలల్లో వెడల్పు కాలర్, తేలికైన లీడ్. మెడలో ఉచ్చుతో పిల్లను ఒంటరిగా వదలొద్దు.

పొడవాటి లైన్ కిట్లలో పది మీటర్లు ఇస్తారు, అయిదు చాలు. కాలర్‌కు కాదు, హార్నెస్‌కు (ఛాతీ చుట్టూ తొడిగే పట్టీకి) తగిలించండి. చేతిపిడి ఉచ్చు కత్తిరించేస్తే పొదల్లో చిక్కుకోదు.

విడిగా కొనేవాళ్లు ఒకే నంబరు విజిళ్లు రెండు, అర పౌండు డమ్మీలు రెండు (ఒకటి ఆరుతుంటే ఇంకోటి), కాలర్, తేలికైన లీడ్, హార్నెస్, చిన్న లైన్ తీసుకుంటే ఆరు నెలల దాకా ఇంకేమీ అక్కర్లేదు.

ఖాళీ తూటాతో డమ్మీని ఎగరేసే లాంచర్ కూడా ఉన్న పెద్ద కిట్లు పిల్లకోసం కొనొద్దు. పేలుడు చెవి పక్కనే జరుగుతుంది, తుపాకీకి బెదిరే కుక్కను తయారుచేయడానికి ఒక్కసారి చాలు. అన్నం గిన్నె దగ్గర చప్పుడు చేసి అలవాటు చేద్దామనుకోవడమూ ప్రమాదమే, గిన్నెనే భయపడే పిల్లలుంటాయి. తుపాకీ చప్పుడు అలవాటు చేయడం ఆరు నెలలు దాటాక ఇద్దరు మనుషులతో చేయాల్సిన పని. ఒకరు నూరు మీటర్లకు పైగా దూరంలో స్టార్టర్ పిస్టల్‌తో, ఇంకొకరు పిల్ల దగ్గర. పిల్ల ఇష్టమైన వాసనలోనో ఆటలోనో ఉన్నప్పుడు ఒక్క చప్పుడు. చెవులు రిక్కించి మళ్లీ పనిలో పడితే మరో రోజు కాస్త దగ్గర నుంచి. తోక ముడిచినా, కదలకుండా నిలబడిపోయినా ఆ రోజుకు ఆపేసి, తర్వాతిసారి రెట్టింపు దూరం నుంచి మొదలుపెట్టండి.